డైరెక్టర్ జీతం సమంజసమో కాదో తేల్చడం ఎలా?

కుటుంబ ప్రైవేట్ కంపెనీలో డైరెక్టర్ జీతం పన్ను లెక్కలో ఖర్చుగా నిలుస్తుందో లేదో జీతం నిర్ణయించే రోజే తేల్చుకోవాలి. బోర్డు తీర్మానం, నియామక పత్రం, మూడేళ్ల లాభనష్టాల ఖాతాలు ముందు పెట్టుకోండి.

జీతం అందుకునేవారు 1961 ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 40ఎ(2)(బి) కిందకు వస్తారో లేదో చూడండి. కంపెనీకి దగ్గరివారికి ఇచ్చిన సొమ్ములో అధికమైన మేరకు ఖర్చుగా ఒప్పుకోని సెక్షన్ ఇది; 2026 ఏప్రిల్ 1 నుంచి ఆ చట్టం స్థానంలో 2025 ఆదాయపు పన్ను చట్టం వచ్చింది కాబట్టి ఇక్కడి సెక్షన్, ఫారం సంఖ్యలు పాత చట్టానివి. డైరెక్టర్లు, వారి బంధువులు, 20 శాతం లేదా అంతకు మించి ఓటింగ్ హక్కున్న వాటాదారులు వస్తారు. డైరెక్టర్ తోబుట్టువులు బంధువులే కాని, బావమరిది ఆ నిర్వచనంలో లేడు.

అసలు చిక్కు పోలికలో ఉంది. చాలామంది నిరుటి జీతానికి పది శాతం కలిపి ఊరుకుంటారు, లేదా డైరెక్టర్ల జీతాలు నికర లాభంలో 11 శాతం దాటరాదనే కంపెనీల చట్టం పరిమితిని చూపుతారు. ఆ పరిమితి పబ్లిక్ కంపెనీలది. పైగా అది పన్ను పరీక్ష కానే కాదు. సెక్షన్ అడిగేవి మూడు: ఆ సేవకు బజారులో ఉన్న విలువ, వ్యాపారానికి దాని న్యాయమైన అవసరం, దానివల్ల కలిగిన ప్రయోజనం. వీటిలో ఏ ఒక్కదాన్ని పట్టుకునైనా పన్ను అధికారి ప్రశ్నించవచ్చు కాబట్టి మూడింటికీ జవాబు రాసి ఉంచాలి.

డైరెక్టర్ నిజంగా చేసే పనులను, ఒక్కొక్కదానికి పట్టే సమయాన్ని రాసి, అదే పనికి అదే ఊళ్లో, అదే పరిమాణం గల సంస్థ బయటి వ్యక్తికి ఎంత ఇస్తుందో కనుక్కోండి. కొనుగోళ్లు, అమ్మకాలు, బ్యాంకు వ్యవహారాలు ఒకరే చూస్తున్నారని మూడు పూర్తి జీతాలను కూడకూడదు, ఎందుకంటే ఒక మనిషి రోజులో మూడు పూర్తికాలపు ఉద్యోగాలు ఇమడవు. టర్నోవర్‌లో శాతంగా జీతం కట్టే పద్ధతిని నేను అసలు అంగీకరించను. సరుకు ధర పెరిగితే టర్నోవర్ పెరుగుతుంది కాని, పని పెరగదు. చదువుకుంటున్న కొడుకు పేరిట జీతం రాస్తే, అతడు చేసిన పనికి ఆధారాలు చూపలేని పక్షంలో ఏ పోలికా కాపాడదు.

పన్ను ఎగవేత లేని నిజమైన చెల్లింపులపై ఈ సెక్షన్ ప్రయోగించరాదని 1968 జూలై 6 నాటి సీబీడీటీ (కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు) సర్క్యులర్ 6-పి చెబుతుంది. డైరెక్టర్ 30 శాతం శ్లాబులో, కంపెనీ 22 శాతం రేటులో ఉంటే, జీతం వల్ల కంపెనీకి తగ్గే పన్ను కంటే డైరెక్టర్ కట్టేదే ఎక్కువ కాబట్టి ఈ వాదన బలంగా నిలుస్తుంది. అయినా పోలిక పత్రాలకు ఇది ప్రత్యామ్నాయం కాదు. అధికారి ఖర్చుగా ఒప్పుకోకుండా తోసిపుచ్చేది అధికమైన మేరకే అయినా, ఆ సొమ్ముపై డైరెక్టర్ కట్టిన పన్ను మాత్రం తిరిగి రాదు.

చివరగా, ఫారం 3సీడీ (పన్ను ఆడిట్ నివేదిక) 23వ క్లాజులో ఆడిటర్ చూపే మొత్తం ఫారం 16 (జీతం, దానిపై కోసిన పన్ను చూపే పత్రం)తో, బోర్డు తీర్మానంతో సరిపోతోందో లేదో చూసుకోండి.