కణం బొమ్మ చూడగానే ముందు వెతకాల్సింది ఇదే
భాగాల పేర్లు బట్టీ పట్టడం తర్వాత, ముందు డీఎన్‌ఏ చుట్టూ పొర ఉందో లేదో చూడండి. లేకపోతే కేంద్రకపూర్వ కణం, అంటే బ్యాక్టీరియా, వాటిలాంటి ఏకకణ జీవులైన ఆర్కియా. ఉంటే నిజకేంద్రక కణం, మనం, మొక్కలు, శిలీంధ్రాలు, అమీబా అన్నీ ఇందులోకే వస్తాయి. కణకవచాన్ని మాత్రం నమ్ముకోవద్దు, అది మొక్కలకే కాదు, శిలీంధ్రాలకీ చాలా బ్యాక్టీరియాలకీ ఉంటుంది. అసలు తడబడేది రైబోజోముల దగ్గర, అంటే కణంలో ప్రోటీన్లు తయారుచేసే రేణువుల దగ్గర. అవి రెండు రకాల్లోనూ ఉంటాయి, కాకపోతే బ్యాక్టీరియాలో చిన్నవి, 70ఎస్, మన కణద్రవ్యంలో పెద్దవి, 80ఎస్ (ఎస్ అంటే వేగంగా తిప్పినప్పుడు రేణువు ఎంత త్వరగా అడుగుకు చేరుతుందో చెప్పే కొలత). తమాషా ఏంటంటే కణానికి శక్తినిచ్చే మన మైటోకాండ్రియాలో ఉండే రైబోజోములు బ్యాక్టీరియా వాటికే దగ్గర చుట్టాలు, ఎందుకంటే మైటోకాండ్రియా పుట్టిందే ఒకప్పుడు విడిగా బతికిన బ్యాక్టీరియా నుంచి. అన్నట్టు, ఎండతో ఆహారం తయారుచేసే హరితరేణువులు ఉన్నాయి కదా అని మొక్క కణంలో మైటోకాండ్రియాను కొట్టేయకండి, రెండూ ఉంటాయి.