తుపాను రాకముందే ఫోను ఛార్జింగ్ సంగతి చూసుకోండి

2014 అక్టోబరు 12, హుద్‌హుద్ విశాఖ మీద పడిన రోజు. పొద్దున ఫుల్ ఛార్జింగ్‌తో ఉన్న నా ఫోను మధ్యాహ్నానికే ఆగిపోయింది. మాట్లాడింది రెండు నిమిషాలు కూడా లేదు. జేబులో ఉన్నంతసేపూ వేడిగా తగిలింది. ఎందుకో అప్పుడు తెలియలేదు.

ఏటి అవతలి గట్టున ఉన్న మనిషిని పిలవాలంటే గొంతు చించుకోవాలి. ఫోనుదీ అదే కష్టం. టవర్ పక్కనే ఉంటే సిగ్నల్ పంపడానికి ఫోనుకి ఒక మిల్లీవాట్ పవర్ కూడా అక్కర్లేదు. కరెంటు లేక దగ్గరి టవర్ ఆగిపోయి దూరపు టవరే దిక్కయితే, 4జీలో 200 మిల్లీవాట్ల దాకా పెంచుకుంటుంది. అసలు టవరే దొరక్కపోతే వెతుకుతూనే ఉంటుంది. నెట్ స్లో అయితే ఇంకో దెబ్బ. రెండు సెకన్లలో పోయే ఫొటో ఐదు నిమిషాలు తిరుగుతూ ఉంటే, ఆ ఐదు నిమిషాలూ ఛార్జింగ్ కరిగిపోతూనే ఉంటుంది.

అందుకే తుపాను హెచ్చరిక రాగానే ఫోన్లు, పవర్ బ్యాంకులు నింపి పెట్టుకోండి. వాట్సాప్‌లో ఆటో డౌన్‌లోడ్, ఫొటోల బ్యాకప్ ఆపేయండి. 5జీ వస్తూ పోతూ ఉంటే 4జీకి మార్చండి. రెండు సిమ్‌లలో టవర్ లేనిదాన్ని ఆఫ్ చేయండి, అదీ ఊరికే వెతుకుతుంటుంది. ముఖ్యమైన నంబర్లు కాగితం మీద రాసుకోండి.

అన్నిటికన్నా ముఖ్యం, ఇంట్లో నాలుగు ఫోన్లుంటే ఒక్కటే ఆన్‌లో ఉండాలి. మిగతావి స్విచాఫ్. ఆ ఒక్కదాన్ని మాత్రం ఫ్లైట్ మోడ్‌లో పెట్టకండి, ప్రభుత్వం పంపే హెచ్చరికలు దానికే రావాలి. ఛార్జింగ్ తగ్గగానే ఇంకోటి తీయండి. నెట్‌వర్క్ సెలక్షన్ ఆటోమేటిక్‌లోనే ఉంచండి. తుపాన్లప్పుడు ఒక కంపెనీ సిమ్ ఇంకో కంపెనీ టవర్‌తో పనిచేసేలా అనుమతిస్తుంటారు.

కబురు చెప్పాలంటే కాల్ కన్నా మామూలు ఎస్సెమ్మెస్ మేలు. "అందరం బాగున్నాం, స్కూల్లో ఉన్నాం" అన్నంత మాట బలహీనమైన సిగ్నల్‌లోనూ పోతుంది.

హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్న పిల్లలు కంగారులో పదేపదే కాల్ చేస్తారు. వాళ్ల బాధ వాళ్లది. కానీ మోగిన ప్రతిసారీ ఇక్కడ ఛార్జింగ్ తరిగిపోతుంది. ముందురోజే ఫోన్ చేసి చెప్పేయండి: "పొద్దున ఎనిమిదికి, సాయంత్రం ఆరుకి మేమే మెసేజ్ పెడతాం నాన్నా, మధ్యలో చేయకండి."