టేబుల్‌లో రూట్ ఉన్నా పింగ్ వెళ్లట్లేదా? ముందు ఇది చూడండి

సమస్య: బ్రాంచిలో 10.20.30.0/24 నెట్‌వర్క్ (.0 నుంచి .255 దాకా అడ్రస్‌లు). అక్కడి 10.20.30.20కి పింగ్ వెళ్తుంది, 10.20.30.150కి వెళ్లదు. లింక్ అప్‌లోనే ఉంది, ఓఎస్‌పీఎఫ్ (రూటర్లు ఒకదానికొకటి దారులు చెప్పుకునే ప్రోటోకాల్) నైబర్ 'ఫుల్' చూపిస్తోంది. 'షో ఐపీ రూట్ 10.20.30.0' కొడితే రూట్ చక్కగా కనిపిస్తుంది. ఇంకేం, "రూటింగ్‌లో ఏమీ లేదు" అని టికెట్‌ని ఫైర్‌వాల్ టీమ్ మీదికి తోసేస్తారు.

ఆ మాట అనేముందు, దయచేసి, పింగ్ వెళ్లని అడ్రస్‌నే పూర్తిగా కొట్టి చూడండి. సిస్కోలో 'షో ఐపీ సెఫ్ 10.20.30.150', లినక్స్‌లో 'ఐపీ రూట్ గెట్ 10.20.30.150'. ప్యాకెట్ దారి తేల్చేది ఫార్వర్డింగ్ టేబులే (సిస్కోలో దాని పేరే సెఫ్). ఏ ప్రిఫిక్స్‌కి (10.20.30.0/24 లాంటి అడ్రస్‌ల గుంపుకి) మ్యాచ్ అయింది, ఏ ఇంటర్‌ఫేస్‌లోంచి బయటికి వెళ్తోంది, ఈ రెండూ చదవాలి. అర నిమిషం పని, అయినా ఎవరూ చెయ్యరు.

కారణం: ఎక్కువసార్లు అక్కడ /24 కనపడదు, 10.20.30.128/25 (.128 నుంచి .255 దాకా) కనపడుతుంది. ఎప్పుడో పాత లింక్ ఉన్న రోజుల్లో 10.99.1.2 నెక్స్ట్ హాప్‌గా (తర్వాతి రూటర్‌గా) ఎవరో చేత్తో రాసిన స్టాటిక్ రూట్ అది. ప్రిఫిక్స్ పొడవు (స్లాష్ తర్వాతి అంకె) ఎక్కువున్న రూటే గెలుస్తుంది. స్టాటిక్‌కి 1, ఓఎస్‌పీఎఫ్‌కి 110, తక్కువున్నదే గెలుస్తుంది అనే లెక్క ఒకే ప్రిఫిక్స్ కోసం పోటీపడినప్పుడే పనికొస్తుంది. నెట్‌వర్క్ అడ్రస్ .0 ఈ /25లోకి రాదు కాబట్టి, దాన్ని కొట్టినవాళ్లకి ఈ రూట్ కనపడే అవకాశమే లేదు.

పాత లింక్ తీసేశాక ఈ రూట్ కూడా పోవాలి కదా? పోదు. టేబుల్‌లో కోర్ (నెట్‌వర్క్ మధ్యలోని ప్రధాన రూటర్) వైపు 10.0.0.0/8 సమ్మరీ (చాలా నెట్‌వర్క్‌లని కలిపి చూపే ఒకే రూట్) ఉంటే, రూటర్ 10.99.1.2కి దారిని అందులోంచి వెతుక్కుంటుంది. నెక్స్ట్ హాప్ దొరికింది కాబట్టి స్టాటిక్ రూట్ బతికే ఉంటుంది. ప్యాకెట్ కోర్‌కి వెళ్తుంది. ఆ /24కి కోర్‌కి తెలిసిన దారి మన రూటరే అయితే, అది తిరిగి మనకే పంపిస్తుంది. ట్రేస్‌రూట్‌లో (ప్యాకెట్ దాటే రూటర్లని వరసగా చూపే కమాండ్) రెండు అడ్రస్‌లే మార్చి మార్చి వస్తుంటే ఇదే జరుగుతోందని అర్థం.

పరిష్కారం: ఆ రూట్ ఇంకెవరికైనా అవసరమా అని కనుక్కుని, 'నో ఐపీ రూట్ 10.20.30.128 255.255.255.128 10.99.1.2' కొట్టండి. మళ్లీ సెఫ్‌లో .150 చూసి /24 వచ్చిందని నిర్ధారించుకున్నాకే కాన్ఫిగ్ సేవ్ చెయ్యండి. రూట్ ఉంచాల్సిందే అంటే, నెక్స్ట్ హాప్‌తో పాటు ఇంటర్‌ఫేస్ పేరూ రాయండి. ఇంటర్‌ఫేస్ డౌన్ అయితే రూట్ కూడా పోతుంది. మధ్యలో స్విచ్ ఉంటే మాత్రం అవతలి రూటర్ చచ్చినా ఇంటర్‌ఫేస్ అప్‌లోనే ఉంటుంది, అప్పుడు ఐపీ ఎస్ఎల్ఏ ట్రాక్ (అవతలి రూటర్‌ని పరీక్షిస్తూ, జవాబు రాకపోతే రూట్ తీసేసే ఏర్పాటు) పెట్టక తప్పదు.

ఇవతల అంతా సరిగ్గా ఉంటే అవతలి రూటర్‌లో కూడా ఇలాగే, మన సోర్స్ అడ్రస్ కొట్టి తిరుగుదారి చూడండి.

మిగతావి అరుదు. ఎంట్రీ నల్0కి (ప్యాకెట్లని పారేసే ఉత్తుత్తి ఇంటర్‌ఫేస్‌కి) పోతుంటే సమ్మరీని చూడండి. సెఫ్‌లో అడ్జసెన్సీ (పక్క రూటర్‌కి పంపే వివరం) 'ఇన్‌కంప్లీట్' అంటే అది ఏఆర్‌పీ (ఐపీకి మ్యాక్ అడ్రస్ కనుక్కునే పద్ధతి) సమస్య. టీక్యామ్ (రూట్లు పెట్టుకునే హార్డ్‌వేర్ మెమరీ) నిండిపోవడం, 2014 ఆగస్టు 12న ఇంటర్నెట్ రూట్లు 5,12,000 దాటినప్పుడు పాత పెద్ద రూటర్లకి జరిగినట్టు, బ్రాంచి రూటర్‌లో జరిగేది కాదు.