ఆటగాళ్ల పాదం, మామూలు పాదం: ఒత్తిడి ఎలా పోల్చాలి
ముందు పాత బూట్లు తిరగేసి చూడండి. మడమ బయటి అంచు కాస్త అరిగి ఉంటే టెన్షన్ పడక్కర్లేదు, చాలామందికి అంతే. తడి పాదం అచ్చు తీస్తారు కదా, అది ఆకారమే చెబుతుంది, ఒత్తిడి కాదు.

ఊరికే నిలబడినప్పుడు బరువులో దాదాపు 60 శాతం మడమల మీదే ఉంటుంది, కానీ పరుగులో ఒక్కో అడుగుకీ శరీర బరువుకి 2 నుంచి 3 రెట్ల బలం పడుతుంది కాబట్టి, బాగా పరిగెత్తేవాళ్లలో చాలామందికి వేళ్ల మొదళ్ల కింద చర్మం గట్టిపడి కనిపిస్తుంది.

ప్రెషర్ ప్లేట్ (పాదం కింద ఎక్కడ ఎంత ఒత్తిడి పడుతోందో కొలిచే పలక) దొరికితే ఆటగాణ్నీ, మామూలు మనిషినీ ఇద్దర్నీ బూట్లు లేకుండా, ఒకే వేగంతో నడిపించండి. వేగం పెరిగితే ఒత్తిడీ పెరుగుతుంది, పోలిక చెడుతుంది. ప్లేట్ మీద పడాలని అడుగు సర్దుకుని వేస్తే (అందరూ వేస్తారు!) ఆ రీడింగ్ తీసేయండి. ఇద్దరి బరువులూ రాసుకోండి.