పారిస్‌లో ఏ మ్యూజియాలు చూడాలి? మూడో పాఠం: కొట్టివేతలు, పాస్ సంగతి

పోయిన పాఠం చివర మూడు రోజుల పారిస్ ప్రయాణానికి మ్యూజియాల జాబితా రాయమన్నాను కదా. వచ్చిన జాబితాల్లో చాలావరకు లూవ్ర్, ఓర్సే, పాంపిడూ, వెర్సాయ్ నాలుగూ ఉన్నాయి, పైగా లూవ్ర్‌ని మంగళవారం పెట్టినవాళ్ళు చాలామంది. లూవ్ర్‌కి మంగళవారం సెలవు. అందుకని ఆడియో గైడ్ల పాఠం వాయిదా వేసి, ముందు ఇది సరిచేద్దాం.

పాంపిడూ కొట్టేయండి. మరమ్మతుల కోసం 2025లో మూసేశారు, 2030 దాకా ఆశ లేదు. వెర్సాయ్ ఊరి బయట ఉన్న రాజభవనం, దానికి ఒక రోజు పూర్తిగా పోతుంది; మూడు రోజుల్లో ఇరికించకండి.

ఇక మిగిలినవి. పేరు చూసి కాదు, కాలం చూసి ఎంచుకోండి. చిత్రాల విషయంలో లూవ్ర్ ఇంచుమించు 1848తో ఆగుతుంది, అక్కడినుంచి 1914 దాకా ఓర్సే. "మోనే, రెన్వా అంటే ప్రాణం" అని రాసినవాళ్ళు కూడా మొదటి రోజంతా లూవ్ర్‌కి ఇచ్చేశారు! ఆ చిత్రకారులిద్దరూ ఓర్సే కాలంవాళ్ళు; మీరు వెళ్ళాల్సింది ఓర్సే ఐదో అంతస్తుకి, ఆ తర్వాత ఓరాంజెరీ మ్యూజియానికి. అక్కడ రెండు అండాకారపు గదుల గోడలనిండా మోనే గీసిన కలువల చిత్రాలు ఉంటాయి, పైకప్పులోంచి పగటి వెలుతురు పడుతుంది కాబట్టి ఎండ ఉండగానే వెళ్ళండి.

ఇప్పుడు పాస్. ప్రతిసారీ నాకు చిరాకు తెప్పించేది ఇదే, అందుకే విడమరిచి చెప్తాను. పారిస్ మ్యూజియం పాస్ అంటే చాలా మ్యూజియాలకి కలిపి ఒకే టికెట్; 2, 4, 6 రోజులకు అమ్ముతారు. ఆ రోజులు వరుసగా నడుస్తాయి. మొదటి మ్యూజియంలో అడుగుపెట్టిన గంట నుంచి 48, 96, 144 గంటలు లెక్క. మధ్యలో ఒక రోజు విశ్రాంతి తీసుకుంటే ఆ రోజు పోయినట్టే. సోమవారం పొద్దున మొదలుపెట్టి రెండు రోజుల పాస్ వాడారనుకోండి. సోమవారం ఓర్సే, రోదాన్ మూసి ఉంటాయి. మంగళవారం లూవ్ర్, ఓరాంజెరీ, గీమే మూసి ఉంటాయి. అంటే ఏ రోజు ఏది తెరిచి ఉందో దాని వెంట మీరు పరిగెత్తాలి. ఇంకొకటి, పాస్ చేతిలో ఉన్నా లూవ్ర్‌కి విడిగా టైమ్ స్లాట్ బుక్ చేసుకోవాల్సిందే. అన్నిటికంటే పెద్ద నష్టం ఏమిటంటే, పాస్ కొన్నవాళ్ళు "డబ్బులు గిట్టుబాటు కావాలి" అని రోజుకి నాలుగు మ్యూజియాలు తిరుగుతారు, సాయంత్రానికి ఏ బొమ్మ ఎక్కడ చూశారో గుర్తుండదు. రోజుకి ఒక పెద్దది, ఒక చిన్నది చాలు. ఆ లెక్కన విడి టికెట్లకి ఎంతవుతుందో ముందు కూడండి, తర్వాతే పాస్ మాట. 18 ఏళ్ళలోపు పిల్లలకి జాతీయ మ్యూజియాల్లో ప్రవేశం ఉచితం కాబట్టి వాళ్ళకి పాస్ అక్కర్లేదు. జర్మనీలోనో ఫ్రాన్స్‌లోనో రెసిడెన్స్ పర్మిట్ మీద చదువుకుంటున్న మన పిల్లలకి 26 ఏళ్ళలోపైతే లూవ్ర్, ఓర్సే కూడా ఉచితమే, కార్డు చూపించాలి. పెద్దలకి లూవ్ర్ ఖర్చెక్కువే: యూరోపియన్ ఎకనామిక్ ఏరియా (ఈయూ, ఐస్‌లాండ్, నార్వే, లీక్టెన్‌స్టైన్) బయటివాళ్ళకి 2026 జనవరి నుంచి టికెట్ 32 యూరోలు చేశారు.

చిన్నవాటిలో నన్నడిగితే గీమే. ఆసియా కళ మొత్తం అక్కడుంది, అందులో మన అమరావతి శిల్పం కూడా ఉంది: బుద్ధుడి ధ్యానం చెడగొట్టడానికి మారుడు దండెత్తి వస్తుంటే బుద్ధుడి చోట ఖాళీ సింహాసనం చెక్కారు. తెలుగువాళ్ళం పారిస్ వెళ్ళి దాన్ని చూడకుండా వస్తే నాకు నిజంగా బాధేస్తుంది. ఇక డబ్బు లేకుండా చూడాలంటే పెతీ పలే, కార్నవాలే అనే మ్యూజియాల్లో శాశ్వత ప్రదర్శనలు ఉచితం, రెండింటికీ సెలవు సోమవారం.

అభ్యాసం. మీ జాబితాలో ప్రతి మ్యూజియం ఎదురుగా, అక్కడ నిలబడి చూడాలనుకున్న మూడు వస్తువుల పేర్లు, అవి ఉన్న గది నంబర్లు రాయండి. లూవ్ర్‌వి దాని కలెక్షన్ల వెబ్‌సైట్‌లోనే దొరుకుతాయి. "మోనాలీసా" ఒక్కటే రాస్తే కుదరదు, ఇంకా రెండు కావాలి; పాతకాలపు బాబిలోన్ రాజు హమ్మురాబి చట్టాలు చెక్కించిన రాయి లూవ్ర్‌లో రిషెల్యూ అనే విభాగంలో ఉంది, దానితో మొదలుపెట్టండి. మూడు దొరకని మ్యూజియాన్ని కొట్టేయండి. తర్వాత అదే జాబితాని మీరు ఆదివారం రాత్రి దిగి బుధవారం రాత్రి వెళ్ళిపోతారనుకుని మళ్ళీ రాయండి. లూవ్ర్ బుధ, శుక్రవారాల్లో రాత్రి 9 దాకా తెరిచి ఉంటుంది, అది వాడుకోవచ్చు.