ఉద్యోగం మానేసిన మనిషి ఆరు నెలలు ఇంట్లో ఉంటే ఇల్లు నడిపే పద్ధతి

మీ ఆయనో మీ ఆవిడో ఉద్యోగం ఆపేసి కొన్నాళ్లు ఇంట్లో ఉండబోతున్నారంటే ముందు ఒక విషయం ఒప్పుకోండి: వాళ్లు వచ్చేది ఖాళీ ఇంట్లోకి కాదు. పాలు ఎన్నింటికి వస్తాయి, అత్త సీరియల్ ఏ టైముకు, పిల్ల ట్యూషన్‌కి ఎప్పుడు పోతుంది, ఇవన్నీ ఆ మనిషి లేకుండా నడిచేటట్టు ఎప్పుడో కుదురుకుని ఉంటాయి. అందులోకి ఒకరు వచ్చి రోజంతా కూర్చుంటే మొదటి వారం పండగలా ఉంటుంది, రెండో వారం నుంచి ఎవరు ఎవరికి అడ్డం వస్తున్నారో తెలియదు.

మాది తిరుపతి, ఎం.ఆర్.పల్లి వైపు రెండు గదుల అద్దె ఇల్లు. నేను ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో ఫీజుల లెక్కలు చూస్తాను. మా ఆయన నాకు మేనత్త కొడుకు కాబట్టి ఇక్కడ బావ అనే రాస్తాను, అత్త అంటే మా నాయనకు సొంత అక్క, మాతోనే ఉంటుంది. బావ రేణిగుంట దగ్గర ఒక ఫ్యాక్టరీలో క్వాలిటీ సెక్షన్‌లో తొమ్మిదేళ్లు చేశాడు, అందులో సగం నైట్ షిఫ్టులే. నిద్ర చెడి, నడుము పట్టేసి, 2025 ఏప్రిల్ మధ్యలో "ఆరు నెలలు ఆగి వేరేది చూసుకుంటా" అని మానేశాడు. మేం సరిగ్గా చేసినవాటికంటే తప్పు చేసి దిద్దుకున్నవే ఎక్కువ, అవే రాస్తున్నాను.

రాజీనామా ఇవ్వకముందే డబ్బు లెక్కకు కూర్చోండి. నెలనెలా ఆగనివి ముందు రాయండి: అద్దె, బండి ఈఎంఐ, చీటీ, పాలు, కరెంటు బిల్లు, పెద్దవాళ్ల మందులు. తర్వాత ఏడాదికొకసారి వచ్చి మీద పడేవి రాయండి, ఇవే అందరూ మరిచిపోతారు. ఏప్రిల్‌లో మానేస్తే జూన్‌లో బడి తెరుస్తారు, ఫీజు, పుస్తకాలు, యూనిఫాం, బూట్లు అన్నీ ఒకేసారి. నా పనే ఫీజులు వసూలు చేయడం, అయినా మా పిల్ల ఫీజు లెక్కలో రాయడం మరిచిపోయాను, నవ్వుకోండి.

హెల్త్ ఇన్సూరెన్స్ సంగతి మాకు ఆఖరి వారంలో తట్టింది, మీరు అంతదాకా ఆగొద్దు. కంపెనీ ఇచ్చే గ్రూప్ పాలసీ మామూలుగా ఉద్యోగంతోనే పోతుంది. అదే ఇన్సూరెన్స్ కంపెనీలో సొంత పాలసీకి మారే వీలుంటుంది, అలా మారితే ముందునుంచి ఉన్న జబ్బులకు పెట్టే వెయిటింగ్ పీరియడ్‌లో ఇదివరకు గడిచిన కాలం కలిసొస్తుంది. కొత్తగా తీసుకుంటే షుగర్, బీపీ లాంటివాటికి మూడేళ్ల దాకా ఆగమనొచ్చు. మా అత్తకు షుగర్, అందుకే పరుగులు పెట్టాం. ఉద్యోగంలో ఉండగానే హెచ్‌ఆర్‌ను అడిగి ఆ కాగితాలు కదిలించండి. మేం ప్రీమియం మీద 18 శాతం జీఎస్టీ కూడా కట్టాం, 2025 సెప్టెంబర్ 22 నుంచి సొంత హెల్త్ పాలసీలకు అది తీసేశారు, మీకు ఆ భారం లేదు.

పీఎఫ్ మీద చెయ్యి పడకుండా చూసుకోండి. ఐదేళ్ల సర్వీసు నిండకుండా తీస్తే పన్ను పడుతుంది, అది చాలామందికి తెలుసు. తెలియనిది అందులోనే ఉండే పెన్షన్ సంగతి. పదేళ్ల సర్వీసు నిండితే 58 ఏళ్లకు పెన్షన్ వస్తుంది, బావకు తొమ్మిదే అయ్యాయి, ఆ పెన్షన్ భాగం తీసేసుకుని ఉంటే తొమ్మిదేళ్ల సర్వీసు లెక్కలోంచి పోయి మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాలి. ఖర్చులకు మాకు ఆదుకున్నది గ్రాట్యుటీ, అంటే మానేసేటప్పుడు సర్వీసును బట్టి కంపెనీ ఇచ్చే డబ్బు. ఐదేళ్లు దాటి చేసినవాళ్లకు ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున వస్తుంది, బావ మానేసినప్పుడు చివరి బేసిక్, డీఏ కలిపి 26తో భాగిస్తే ఒక రోజు లెక్క, ముప్పై రోజుల్లో ఇవ్వాలి. అడగనివాళ్లకు ఆలస్యం అవుతుంటుంది కాబట్టి అడగండి.

ఇంకొకటి, ఇది ఏ లెక్కల పుస్తకంలోనూ ఉండదు. మే నెలలో ఒకరోజు బావ బండి తాళాలు పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాడు. పోడు, లోపలికీ రాడు. "ఏం బావా" అంటే "ఏం లేదు" అన్నాడు, తాళాలు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంటూ. నేను బస్సుకు టైమైందని వెళ్లిపోయాను. సాయంత్రం చూస్తే బండి పెట్టినచోటే ఉంది, ట్యాంకులో పెట్రోలు లేదు, మనిషి పిల్లను తీసుకురావడానికి ట్యూషన్ దాకా నడిచిపోయాడు. తొమ్మిదేళ్లు జీతం తెచ్చిన మనిషికి నూటయాభై రూపాయలు అడగడానికి నోరు రాలేదు. ఆ మరుసటి నెల నుంచి ఒకటో తారీకున నా జీతం పడగానే ఒక మొత్తం ఆయన అకౌంట్లో వేసేదాన్ని, దేనికి ఖర్చయింది అని అడగకూడదని నాకు నేనే పెట్టుకున్నాను. దానికి పాకెట్ మనీ అని పేరు మాత్రం పెట్టకండి, అది పిల్లలకిచ్చేది.

మొదటి రెండు వారాలు ఏ పనీ చెప్పకండి. నైట్ షిఫ్టుల ఒళ్లు పగలూ రాత్రీ తేడా మళ్లీ నేర్చుకోవాలి. బావ రాత్రి రెండింటికి వంటింట్లో బొరుగులు తింటూ కనిపించేవాడు, పగలు పదకొండు దాకా నిద్ర. ఊరుకున్నాం. పదిహేను రోజులయ్యాక పొద్దున్నే కపిలతీర్థం దాకా నడక మొదలుపెట్టాడు, నడుము కాస్త వదిలాక వారానికోసారి అలిపిరి మెట్లు. 3,550 మెట్లూ మొదటిసారే ఎక్కేయాలని చూడొద్దు, ఆయన చూశాడు, రెండు రోజులు మంచం దిగలేదు.

ఇక పనులు. ఇంట్లో "నీకేమైనా సాయం చేయాలా" అనే మాటే వద్దు. సాయం అంటే గుర్తుపెట్టుకునేది నేను, చెప్పేది నేను, అయ్యిందా లేదా చూసుకునేది నేను, మధ్యలో చేతులు మాత్రమే ఆయనవి. సిలిండరే తీసుకోండి. బుక్ చేయడం అందులో ఒక్క ముక్క. ఎప్పుడు అయిపోతుందో కనిపెట్టాలి, బుక్ చేయాలి, తెచ్చినతనికి ఫోన్లో వచ్చిన నంబరు చెప్పాలి, సీలు చూసుకోవాలి, ఆ టైముకు ఇంట్లో ఉండాలి. ఇదంతా కలిపితే ఒక పని. అప్పగిస్తే మొత్తం అప్పగించండి, లేకపోతే మీ దగ్గరే పెట్టుకోండి. అలాగని పది పనులు రాసిచ్చేయకండి, మనిషి ఆగింది విశ్రాంతికి, మన ఇంటికి పనిమనిషి దొరికినందుకు కాదు. మేం మూడే ఇచ్చాం: సిలిండరు, బిల్లులు కలిపి ఒకటి, పిల్లను బడికి, ట్యూషన్‌కి దింపి తీసుకురావడం ఒకటి, ఇడ్లీ పిండి ఒకటి.

పిండి కథ కొంచెం చెప్పాలి. కోస్తా వాళ్లలాగా మా ఇంట్లో రవ్వ అలవాటు లేదు, తమిళనాడు పక్కనే కదా, ఉప్పుడు బియ్యమే రుబ్బుతాం. నాలుగు గ్లాసులు బియ్యం, ఒక గ్లాసు మినప్పప్పు, అర చెంచా మెంతులు. బావ మొదటిసారి రుబ్బింది మే నెలలో, బయట నలభై డిగ్రీలు దాటిన రోజు. రాత్రి తొమ్మిదికి రుబ్బి గిన్నె నిండా పోసి మూతపెట్టి పడుకున్నాడు. తెల్లారి ఐదుకు చూస్తే పిండి మూతను పైకి లేపి, గట్టు మీదుగా జారి, స్టవ్ కాళ్ల కింద దాకా పోయింది, చీమలు అప్పటికే బారు కట్టాయి. నోటిదాకా వచ్చిన మాట మింగి నేను పళ్లు తోముకోవడానికి పోయాను. ఫ్యాక్టరీ బుద్ధి ఎక్కడికి పోతుంది, మర్నాడు గ్రైండర్ పక్కన గోడకు ఒక కాగితం అతికించాడు: తేదీ, రుబ్బిన టైం, నీళ్లు ఎన్ని, పొద్దునకు ఎంత పొంగింది. రెండో వారం పిండి మరీ గట్టిగా ఉందనిపించి, ఆయన పడుకున్నాక నేను లేచి చప్పుడు కాకుండా అర గ్లాసు నీళ్లు కలిపాను. పొద్దున ఇడ్లీలు బాగానే వచ్చాయి గానీ ఆయన కాగితం ముందు నిలబడి తల గోక్కుంటున్నాడు, లెక్క తప్పుతోంది. చివరికి ఒప్పుకున్నాను. అప్పుడు కోపమొచ్చింది బావకు, పిండి పొంగినప్పుడు కూడా అంత కోపం చూడలేదు. "ఇది నా పనా, నీ పనా, తేల్చు" అన్నాడు. నేను చేసింది తప్పే. అప్పగించిన పనిలో రాత్రిపూట వేలు పెట్టకండి. మూడు వారాలు గట్టి ఇడ్లీలు తిన్నాం, చెనక్కాయల చట్నీ ఎక్కువ చేసుకున్నాం, ఎవరికీ ఏమీ కాలేదు. నాలుగో వారానికి తేలింది, ఎండాకాలంలో గిన్నె సగానికే పోయాలి, రాత్రి పదకొండు దాటాక రుబ్బాలి, చల్లనీళ్లు వాడాలి.

పెద్దవాళ్లు ఉన్న ఇంట్లో ఇంకో ముడి ఉంటుంది. కొడుకు సింకు దగ్గర నిలబడితే అత్తకు కడుపు తరుక్కుపోయేది. ఒకసారి బావ చేతిలోంచి సంగటి గిన్నె లాక్కుని, నన్ను చూసి, "ఏం పాపా, నా కొడుకు చేత గిన్నెలు తోమిస్తావా" అంది. నేను మేనకోడల్ని కదా, నాకా చనువుంది. "నువ్వు మా నాయన చేత బాయిలో నీళ్లు తోడించలేదా అత్తా, ఆయన చెప్పే కథలన్నీ అవే కదా" అన్నాను. అత్త నవ్వాపుకోలేక గిన్నె అక్కడే పెట్టి పోయింది. అందరికీ మేనత్తే అత్త కాదు, ఒప్పుకుంటాను. అలా లేనిచోట ఆ మాట మీరు కాకుండా కొడుకే అమ్మకు చెప్పాలి, అదీ గొడవ జరిగిన రోజు కాకుండా ఇంకో రోజు.

బయటివాళ్లకు ఒకటే జవాబు ముందే అనుకోండి, పిల్లతో సహా. "ఏం సార్, డ్యూటీ లేదా" అని పాలబూత్ దగ్గర రోజూ ఎవరో ఒకరు అడుగుతారు. మేం ఒక మాట చెబితే, అత్త ఇంకోటి చెబితే, మా నాలుగో తరగతి పిల్ల "మా నాయన జాబ్ పోయింది" అని వీధంతా చెప్పి వచ్చింది. తర్వాత అందరం "ఆరోగ్యం కోసం ఆరు నెలలు ఆగాడు, అక్టోబర్‌లో చేరతాడు" అనే చెప్పాం. నెల పేరు చెబితే అడిగేవాళ్లు అక్కడితో ఆగుతారు, ఎందుకో తెలియదు గానీ నిజం.

తిరుపతిలో ఇల్లున్నవాళ్లకు మాత్రమే ఉండే తలనొప్పి ఒకటుంది. దర్శనానికి వచ్చే చుట్టాలు. బావ ఖాళీగా ఉన్నాడని తెలిసిన వారం నుంచి ఫోన్లు: స్టేషన్‌కి రా, రూము చూడు, టోకెన్ లైన్లో నిలబడు. ఒక నెలలో నాలుగు కుటుంబాలను తెల్లవారుజామున స్టేషన్‌లో దింపించుకుని వచ్చాడు, నడుము మళ్లీ మొదటికొచ్చింది. చివరికి ఒక మెసేజ్ రాసి పెట్టుకున్నాం: 300 రూపాయల టికెట్లు దాదాపు మూడు నెలల ముందే ఆన్‌లైన్‌లో వస్తాయి, అవి దొరక్కపోతే ఉచిత దర్శనం టోకెన్లకు స్టేషన్ ఎదురుగా విష్ణు నివాసం, బస్టాండు ఎదురుగా శ్రీనివాసం, అలిపిరి దగ్గర భూదేవి కాంప్లెక్స్ ఉన్నాయి, కొండ దిగాక మా ఇంటికి భోజనానికి రండి. ఎవరడిగినా అదే పంపడం. కొందరు నొచ్చుకున్నారు. భోజనానికి మాత్రం అందరూ వచ్చారు.

అదే మే నెలలో గంగజాతర. తొమ్మిదేళ్లుగా షిఫ్టుల్లో పడి చూడని జాతరకు పిల్లకు మాతంగి వేషం కట్టి తాతయ్యగుంట గంగమ్మ గుడికి తీసుకెళ్లాడు. ఇలాంటివి ప్లాన్‌లో రాసుకోనక్కర్లేదు, ఆ రోజుల్లో వేరే పని పెట్టకుండా ఉంటే చాలు.

నాలుగో నెల నుంచి ఉద్యోగం వెతకడానికి ఒక టైం కట్టేయండి. మాకు పది నుంచి పన్నెండు. ఉన్నది ఒకటే టేబుల్, అది పిల్ల బడికెళ్లాక ఆయనది. ఆ రెండు గంటలు టీవీ సౌండ్ తగ్గించాలి, కుక్కర్ పెట్టకూడదు (ఒక ఫోన్ ఇంటర్వ్యూలో మా కుక్కర్ మూడు విజిల్స్ వేసింది), కరివేపాకు తెమ్మని కూడా పంపకూడదు. పన్నెండు తర్వాత ఆ మాట ఎత్తకండి, "ఏమైనా ఫోన్ వచ్చిందా" అని సాయంత్రం అడగాలని నాలుక ఎంత దురద పెట్టినా సరే. వస్తే వాళ్లే చెబుతారు.

బావ దీపావళి అయిన మూడో రోజు కొత్తదాంట్లో చేరాడు, డే షిఫ్టు. ఆ నెల జీతాల లిస్టు అప్పటికే మూసేశారట, మొదటి జీతం నవంబర్ ఆఖరున పడింది. ఏప్రిల్ మధ్య నుంచి నవంబర్ ఆఖరంటే ఏడున్నర నెలలు. కాబట్టి మీరు ఆరు నెలలు అనుకుంటే డబ్బు లెక్క మాత్రం ఎనిమిదికి వేసుకోండి. పిల్లను దింపే పని మళ్లీ నాకొచ్చింది, సిలిండరు అత్త చూసుకుంటానంది. పిండి ఆయనదే. డిసెంబర్ చలికి పొంగకపోతే గిన్నెకు పాత దుప్పటి చుట్టి పెట్టాడు, అది కూడా గోడ మీద కాగితంలో రాసి ఉంది.