బిల్డ్ సిస్టమ్ ఎంపిక: ముందు భాష, తర్వాత నాలుగు పరీక్షలు

సోర్స్ కోడ్‌ను కంపైల్ చేసి నడిచే ప్రోగ్రాంగా మార్చే పనులన్నీ నడిపే టూలే బిల్డ్ సిస్టమ్. ఏది తీసుకోవాలో ముందు భాషే చెబుతుంది. రస్ట్‌లో రాస్తుంటే కార్గో, గోలో అయితే గో బిల్డ్. వీటిని కాదని మరోటి తెచ్చుకుంటే లైబ్రరీలతో, ఎడిటర్‌తో రోజూ పేచీయే. ఆండ్రాయిడ్ యాప్‌కి గ్రేడిల్. మామూలు జావా సర్వర్ ప్రాజెక్టుకి మావెన్ సరిపోతుంది. దాని దశలన్నీ ముందే ఖాయం కాబట్టి కొత్తగా వచ్చినవాళ్లు కూడా ప్రాజెక్టు వివరాలుండే పామ్ ఫైల్ చూసి పని మొదలుపెట్టగలరు. గ్రేడిల్‌లో బిల్డ్ ఫైలే ఒక ప్రోగ్రాం. ఏదైనా రాసుకోవచ్చు, ఎవరో ఒకరు రాస్తారు కూడా, చిక్కల్లా అక్కడే.

అసలు తలనొప్పి సీ, సీ ప్లస్ ప్లస్‌లది.

1976లో బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన మేక్ చిన్న ప్రాజెక్టుకి ఇప్పటికీ మంచిదే. కంపైల్ చేస్తే వచ్చే ఆబ్జెక్ట్ ఫైల్ కంటే సోర్స్ ఫైల్ టైమ్ కొత్తదైతే మళ్లీ కంపైల్ చేస్తుంది, అంతే. కంపైలర్ ఆప్షన్ మారిస్తే దానికి తెలియదు. ఏ ఫైల్ ఏ హెడర్ (సోర్స్ ఫైళ్లు పంచుకునే డిక్లరేషన్ల ఫైల్) వాడుతుందో కూడా తెలియదు. అది తెలియాలంటే కంపైలర్‌కి, అంటే జీసీసీకి గానీ క్లాంగ్‌కి గానీ, ఎంఎండీ, ఎంపీ ఆప్షన్లిచ్చి, అవి పుట్టించే డిపెండెన్సీ ఫైళ్లను (ఏది దేని మీద ఆధారపడిందో చెప్పేవి) మేక్‌ఫైల్‌లో ఇన్‌క్లూడ్ చేయాలి. ‘మిస్సింగ్ సెపరేటర్’ అని ఎర్రర్ వస్తే సాధారణంగా ట్యాబ్ ఉండాల్సిన చోట స్పేస్‌లు పడ్డాయని అర్థం.

విండోస్, లినక్స్, మ్యాక్ మూడింట్లోనూ నడవాలంటే సీమేక్ లేదా మెసాన్. సీమేక్ తానుగా కంపైల్ చేయదు, అసలు బిల్డ్ నడిపే నింజాకో విజువల్ స్టూడియోకో కావలసిన ఫైళ్లు రాసిపెడుతుంది. బయటి లైబ్రరీల్లో ఎక్కువ భాగం దీన్నే సపోర్ట్ చేస్తాయి, దీన్ని ఎంచుకోవడానికి అదే పెద్ద కారణం. భాష మాత్రం చూడముచ్చటగా ఉండదు. సోర్స్ ఫైళ్లను గ్లాబ్‌తో, అంటే పేరు నమూనాకి సరిపోయినవన్నీ తీసుకునే పద్ధతితో, ఏరకండి: కొత్త ఫైల్ చేర్చినా సీమేక్ మళ్లీ నడిచేదాకా దాని సంగతి బిల్డ్‌కి తెలియదు, చివరికి లింకర్ ఎర్రర్ వస్తుంది. పేర్లు చేత్తో రాయడమే మేలు. కంపైలర్ మార్చాలంటే పాత బిల్డ్ ఫోల్డర్ తీసేసి మొదలుపెట్టండి, ఎందుకంటే పాత కంపైలర్ దారి క్యాష్‌లో ఉండిపోతుంది. మెసాన్ ఫైళ్లు చదవడానికి హాయిగా ఉంటాయి. సొంత ఫంక్షన్లు రాయనివ్వదు, సోర్స్ ఫోల్డర్‌లోనే బిల్డ్ చేయనివ్వదు. ఈ రెండు కట్టుబాట్లూ మంచికే.

2015లో గూగుల్ బయటికి విడుదల చేసిన బేజెల్ టైమ్ చూడదు, ఫైల్‌లో ఉన్నదాని హాష్ (దాన్నుంచి లెక్కగట్టిన వేలిముద్రలాంటి సంఖ్య) చూస్తుంది. ఒకరు బిల్డ్ చేసింది మిగతావాళ్లు రిమోట్ క్యాష్ నుంచి తీసుకోవచ్చు. పలు భాషలు కలిసిన పెద్ద రిపోకి (టీమ్ కోడంతా ఉండే చోటు) ఇది బలం. కానీ దాని బాగోగులు చూడ్డానికే ఒక మనిషి కావాలి. అలాంటి మనిషి లేని టీమ్ దాని జోలికి వెళ్లకపోవడమే మంచిది.

రెండు పేర్లు మిగిలాక మొత్తం ప్రాజెక్టు మార్చేయకండి. ఒక లైబ్రరీ, ఒక ఎగ్జిక్యూటబుల్, స్క్రిప్ట్‌తో పుట్టే ఒక సోర్స్ ఫైల్, ఒక బయటి లైబ్రరీ ఉన్న ముక్కను తీసుకుని రెండింటిలోనూ కట్టి చూడండి.

మొదటిది: పూర్తి బిల్డ్ అయ్యాక ఏమీ మార్చకుండా మళ్లీ బిల్డ్ చేయండి. ఏదీ కంపైల్ కాకూడదు. ఏదైనా కంపైల్ అయిందంటే, నింజాకి డి ఆప్షన్‌తో ఎక్స్‌ప్లెయిన్ ఇస్తే కారణం చెబుతుంది. ఎక్కువగా దొరికే దోషి సోర్స్ పుట్టించే స్క్రిప్టే: అవుట్‌పుట్ అని ప్రకటించిన ఫైల్‌ను నిజంగా రాయకపోవడం.

రెండోది, ఒక హెడర్‌లో ఒక లైను మార్చండి. దాన్ని వాడే ఫైళ్లన్నీ కంపైల్ కావాలి, మిగతావి కాకూడదు. మూడోది, ఆప్టిమైజేషన్ లెవెల్ మార్చండి. సోర్స్ ఫైళ్లన్నీ మళ్లీ కంపైల్ కావాలి. మామూలు మేక్‌ఫైల్ ఇక్కడే తప్పుతుంది.

నాలుగోది ముఖ్యం. ఖాళీ ఫోల్డర్ నుంచి ఒకసారి జె 1తో (పనులు ఒక్కొక్కటిగా), ఇంకోసారి జె 16తో (ఒకేసారి పదహారు దాకా) బిల్డ్ చేయండి. మొదటిది నడిచి రెండోది పడిపోతే, ఎక్కడో డిపెండెన్సీ రాయడం మరిచారు. ఒక్కసారి నడిచినంత మాత్రాన నమ్మకండి, పలుమార్లు చేయండి. గ్నూ మేక్ 4.4లో వరుసను కలగాపులగం చేసే షఫుల్ ఆప్షన్ సరిగ్గా ఇలాంటివి పట్టడానికే ఉంది.

ఎంపిక అయ్యాక టూల్ వెర్షన్‌ను రిపోలోనే బిగించండి. గ్రేడిల్‌కి రాపర్, బేజెల్‌కి దాన్ని నడిపే బేజెలిస్క్ చదివే వెర్షన్ ఫైల్ ఉన్నాయి. సీమేక్‌లో మినిమమ్ వెర్షన్ రాసేది కింది హద్దు మాత్రమే. అందరికీ ఒకే వెర్షన్ కావాలంటే సీఐ (కోడ్ మారినప్పుడల్లా తనంతట బిల్డ్ నడిపే ఏర్పాటు) కంటైనర్‌లో దాన్ని విడిగా ఖాయం చేయాలి.